ఫొటోలో పడని నొప్పి

బహ్రెయిన్‌లో తెలుగువాళ్ళ నడుం నొప్పులు రెండు రకాలు. స్కాన్ తీయించుకోగలిగిన నడుం నొప్పి ఒకటి, తీయించుకోలేనిది ఇంకోటి. మొదటిది సీఫ్‌లోనో జుఫైర్‌లోనో ఏసీ కింద కూర్చుని కీబోర్డు కొట్టుకునే నాబోటి వాళ్ళది. రెండోది సల్మాబాద్, సిత్రా, అస్కర్ వైపు క్యాంపుల్లో రెండంతస్తుల మంచాల మీద పడుకునే జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల వాళ్ళది.

మొదటి రకానికి తీర్పు ఇలా ఉంటుంది: "మీ డిస్కు ఉబ్బింది, ఎముకలు అరిగాయి. వంగకండి, బరువులెత్తకండి, జాగ్రత్త." రెండో రకానికి ఇలా ఉంటుంది: "ఎక్స్‌రేలో ఏమీ లేదు. నీకేం కాలేదు. వెళ్ళి పనిచేసుకో."

ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి ఎదురన్నట్టు కనబడతాయి గానీ, నా లెక్కలో రెండూ ఒకే తప్పు. నొప్పి అంటే ఫొటోలో పడేది అనుకోవడమే ఆ తప్పు. పడితే ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. దాని పుణ్యమా అని మొదటివాడు భయపడి మంచమెక్కుతాడు, రెండోవాడు దొంగ వేషాలేస్తున్నాడు అనిపించుకుంటాడు. నడుం మాత్రం ఇద్దరికీ నొస్తూనే ఉంటుంది.

"ప్రోగ్రాములు రాసుకునేవాడివి, నీకెందుకయ్యా వైద్యం గొడవ?" అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. సెలవు రోజుల్లో భాష రాని మనవాళ్ళకి తోడుగా క్లినిక్కులకి వెళ్తుంటాను. జీతం లేని దుబాసీ ఉద్యోగం. అటు బల్ల వెనక మనిషికీ, ఇటు బల్ల ముందు మనిషికీ మధ్య నిలబడితే, అటు చేరకుండా జారిపోయేవి ఏమిటో బాగా కనబడతాయి.

ముందుగా జారిపోయేవి మాటలు. నొప్పికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సలుపు వేరు, పోటు వేరు. తీపు వేరు, మంట వేరు. పీకడం, లాగడం, గుంజడం, నులిపెట్టడం, తొలిచెయ్యడం, జివ్వుమనడం, కలుక్కుమనడం, పట్టెయ్యడం, తిమ్మిరెక్కడం - ఒక్కోటి ఒక్కో కబురు చెబుతుంది. "తుంటి కాడికెళ్ళి పిక్క దాంక కరెంటు కొట్టినట్టు గుంజుతున్నదన్నా" అన్నాడు నాతో ఒక నిజామాబాద్ తమ్ముడు, బయట కుర్చీలో కూర్చుని. ఆ ఒక్క వాక్యంలో సగం రోగనిర్ధారణ ఉంది. నరం సంగతి చూడండి అని అది కేకేసి చెబుతోంది. పేరు పిలిచి లోపలికి వెళ్ళగానే, నేను నోరు తెరిచేలోగా, అతను తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో "కమర్ మే దర్ద్" అన్నాడు. అవతలాయన "నడుం నొప్పి" అని రాసేసుకున్నాడు. కరెంటూ పోయింది, పిక్కా పోయింది.

1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రోగులు నొప్పిని చెప్పుకునే మాటలన్నీ పోగుచేసి, రకాలవారీగా విడదీసి, 78 మాటలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. రోగి వాడే మాట వినోదం కోసం కాదు, వైద్యానికి పనికొచ్చే సమాచారం అన్నది దాని వెనకున్న ఆలోచన. ఇది జరిగి యాభై ఏళ్ళయింది. మన దగ్గరికొచ్చేసరికి ఆ 78 మాటలూ అరిగి అరిగి ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది: "పదికి ఎంత?"

ఈ పదికి ఎంత అన్న ప్రశ్న మీద నాకు చాలా కోపం ఉంది. ప్రశ్న తప్పని కాదు, అదొక్కటే అడిగి ఊరుకోవడం తప్పు. క్యాంపు నుంచి వచ్చినవాడికి అది నొప్పి గురించిన ప్రశ్నలాగా వినపడదు. పది అంటే టికెట్ కొట్టి ఇంటికి పంపించేస్తారేమో. రెండంటే మాత్ర చేతిలో పెట్టి పొమ్మంటారేమో. అంచేత ఐదంటాడు. అదే మనిషి ఫోర్‌మన్ అడిగితే సున్నా అంటాడు. రాత్రి పక్క మంచం వాడితో పది అంటాడు. ఊరికి ఫోన్ చేసి భార్యతో "మంచిగనే ఉన్న" అంటాడు. ఇందులో ఏ అంకె మీ కాగితం మీద రాసుకుంటారు? నాలుగూ నిజమే. ఎవరికి చెబుతున్నాడన్నదాన్ని బట్టి అంకె మారుతోంది, అంతే.

సరే, శాస్త్రం ఏమంటోందో చూద్దాం. నొప్పి గురించి మన తలల్లో ఉన్న బొమ్మ చాలా పాతది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ తత్త్వవేత్త డెకార్ట్ చెప్పింది: పాదానికి నిప్పు తగిలితే తాడు లాగినట్టయి తలలో గంట మోగుతుంది. ఎంత నిప్పో అంత గంట. వినడానికి బాగుంది కదా. చిక్కేమిటంటే మనుషులు అలా పనిచెయ్యరు.

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడ్డ సైనికుల్ని నొప్పికి మందు కావాలా అని అడిగితే చాలామంది అక్కర్లేదన్నారు. 1946లో ఆయన ఈ సంగతి అచ్చువేశాడు. పెద్ద గాయం, చిన్న నొప్పి. దీనికి తిరగేసిన కథ 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 29 ఏళ్ళ భవన నిర్మాణ కార్మికుడొకడు 15 సెంటీమీటర్ల మేకు మీద దూకాడు. మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. కొంచెం కదిలిస్తే చాలు, ప్రాణం పోయే నొప్పి. మత్తిచ్చి బూటు విప్పి చూస్తే మేకు రెండు వేళ్ళ సందులోంచి వెళ్ళింది. కాలికి గీత కూడా పడలేదు. మరి అతను నటించాడా? చచ్చినా కాదు. అతని కళ్ళు చూసింది బూటులోంచి బయటికొచ్చిన మేకుని. అది చాలు మెదడుకి. ఇక చెయ్యో కాలో తీసేసిన వాళ్ళకి లేని చెయ్యి, లేని కాలు నొప్పి పెట్టడం అందరికీ తెలిసిందే. 1990ల్లో వి.ఎస్. రామచంద్రన్ ఒక మామూలు అద్దం పెట్టి, పోయిన చెయ్యి ఉన్నట్టు కనిపించేలా చేసి, కొందరికి ఆ నొప్పి తగ్గించాడు. లేని చేతికి ఏ ఎక్స్‌రే తీస్తారు?

నరాలు పైకి పంపేది "ఇక్కడేదో ప్రమాదం ఉన్నట్టుంది" అన్న కబురు. దాన్ని నొప్పిగా వినిపించాలా, ఎంత గట్టిగా వినిపించాలా అన్నది వెన్నుపూసలోపలి నరాలూ మెదడూ కలిసి తేల్చుకుంటాయి. కబుర్లని పెంచే తగ్గించే తలుపు లాంటిది వెన్నుపాములో ఉంటుందని 1965లో ఇదే మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట రుద్దుతూ ఊదే మన అమ్మమ్మలకి ఆ తలుపు గడియ ఎక్కడుందో అంతకుముందే తెలుసనుకోండి. ఆ తలుపు మీద భయం, నిద్రలేమి, అప్పు, అవమానం, ఇదివరకటి దెబ్బల జ్ఞాపకం - అన్నీ చెయ్యి వేస్తాయి.

నొప్పి మీద పరిశోధించే వాళ్ళ అంతర్జాతీయ సంఘం 1979లో నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చి 2020లో దాన్ని సవరించింది. ఇంద్రియాలకీ మనసుకీ రెంటికీ సంబంధించిన బాధాకరమైన అనుభవం అది అని అందులో సారాంశం. నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని దాని కింద స్పష్టంగా రాసుకున్నారు. తెలుగువాడికి ఇది కొత్తగా అనిపించకూడదు. ఒళ్ళు నొస్తుందంటాం, మనసు నొచ్చుకుందంటాం. ధాతువు ఒకటే.

ఇప్పుడు మళ్ళీ నాబోటి స్కాన్ బాబుల దగ్గరికి వద్దాం. 2015లో వచ్చిన ఒక పరిశీలన, అంతకుముందు జరిగిన 33 అధ్యయనాల్ని కలిపి, నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలు లెక్కగట్టింది. ఇరవయ్యేళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కుల్లో క్షీణత ఉంది. ఎనభయ్యేళ్ళ వాళ్ళలో 96 శాతానికి ఉంది. డిస్కు ఉబ్బు ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. మళ్ళీ చెబుతున్నా, వీళ్ళెవరికీ నొప్పి లేదు. జుట్టు నెరవడం ఎలాగో ఇదీ చాలావరకు అలాగే. నెరిసిన జుట్టు చూపించి "అందుకే మీకు తలనొప్పి" అంటే ఊరుకుంటామా? కానీ "గుజ్జు అరిగిపోయింది", "డిస్కు జారింది" అంటే కిక్కురుమనకుండా నమ్ముతాం. నమ్మి వంగడం మానేస్తాం, పిల్లల్ని ఎత్తుకోవడం మానేస్తాం. నడుం బిగదీసుకుని కొయ్యబొమ్మలా నడుస్తాం. వాడని కండ బలహీనపడుతుంది, భయం బలపడుతుంది, నొప్పి స్థిరపడుతుంది.

మరి ఫిజియోథెరపీ గదిలో ఏం జరుగుతోంది? మన ఊళ్ళలో దానికి పేరే "కరెంటు పెట్టించుకోవడం". మంచం మీద బోర్లా పడుకోబెట్టి, నడుం మీద రెండు ప్యాడ్లు అంటించి, మీట నొక్కి, తెర లాగి వెళ్ళిపోతారు. ఇరవై నిమిషాలయ్యాక గంట మోగుతుంది. పది సిట్టింగుల ప్యాకేజీ. ఇక్కడా అంతే, అక్కడా అంతే. కాకపోతే ఇక్కడ దినార్లు. 2016లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నడుం నొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు, ట్రాక్షను, బెల్టులు ఇవ్వొద్దని రాసింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అల్ట్రాసౌండ్, టెన్స్, ట్రాక్షను, బెల్టులు వద్దనే ఉంది. వాటి బదులు రోగికి విషయం వివరించి చెప్పడం, వ్యాయామం చేయించడం వగైరాలు ఉన్నాయి. ఆఖరికి గల్ఫ్ సర్వరోగ నివారిణి పనడాల్ కూడా ఇందులో గట్టెక్కలేదు. కొత్తగా వచ్చిన నడుం నొప్పితో 1,600 మందికి పైగా పాల్గొన్న ఆస్ట్రేలియా అధ్యయనంలో, పారాసిటమాల్ వేసుకున్నవాళ్ళు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే తొందరగా కోలుకోలేదని 2014లో తేలింది.

"కరెంటు పెడితే హాయిగా ఉంటుంది కదా, మీకెందుకు ఏడుపు?" అనొచ్చు. హాయిగానే ఉంటుంది. వేణ్ణీళ్ళ కాపడమూ హాయిగా ఉంటుంది, ఖర్చు లేదు. నా అభ్యంతరం హాయి మీద కాదు. ఆ ఇరవై నిమిషాలూ ఆ మనిషితో ఎవరూ మాట్లాడకపోవడం మీద. "నీ ఒంట్లో ఏదో చెడింది, దాన్ని బాగుచేసేది ఈ పెట్టె, నువ్వు కదలకుండా పడుకో" అన్న పాఠం అతనికి ఎక్కించడం మీద.

2025 సెప్టెంబరులో మన దేశంలో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా లేదా అని పెద్ద రగడ జరిగింది. పెట్టుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి లేఖ రావడం, వెంటనే దాన్ని వెనక్కి తీసుకోవడం, రెండు పక్షాలూ కత్తులు నూరడం. పెట్టుకోండి బాబూ, నాకేం అభ్యంతరం లేదు. పేరుకు ముందు ఏమున్నా, తెర లాగి వెళ్ళిపోయేవాడు పెట్టెకి ఆపరేటరే అవుతాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేవాడే చికిత్స చేసేవాడు.

అలాంటివాళ్ళు లేకపోలేదు. ఇక్కడే ఒక మలయాళీ అమ్మాయి పని చూశాను. వచ్చినాయన కడప వైపు మనిషి, ఇనప కడ్డీలు వంచి కట్టే పని, నలభై దాటాయి. ఆరు నెలలుగా నొప్పి. ఆవిడ మంచం ఎక్కించలేదు. "భయ్యా, మీ నడుంలో ఏం జరిగిందని మీరనుకుంటున్నారు?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు గుటకలు మింగి, "సార్, మా ఊర్లో ఒకాయనకి ఇట్లే మొదలయ్యి కాళ్ళు పడిపోయినాయి. నాకూ అంతే గదా?" అన్నాడు. ఆరు నెలల్లో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు, అందుకే ఆ జవాబు ఎవరికీ తెలీదు. ఆవిడ కాళ్ళ బలం, స్పర్శ, అన్నీ చూసి, పక్షవాతం లక్షణాలేమీ లేవని ఒక్కోటి చూపించి చెప్పింది. ఖాళీ బకెట్ ఎత్తించింది. ఊపిరి బిగబట్టకుండా ఎత్తమంది. తర్వాత వారం బకెట్‌లో కొంచెం ఇసుక. ఆపై వారం ఇంకొంచెం. రెండు నెలలకి నొప్పి మాయం కాలేదు గానీ, ఆయన రాత్రుళ్ళు నిద్రపోతున్నాడు, కడ్డీలు కడుతున్నాడు.

ఇది ఒక్కరి కథే, రుజువు కాదు. రుజువు కావాలంటే ఉంది. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో 492 మంది దీర్ఘకాలపు నడుం నొప్పి రోగుల్లో కొందరికి సరిగ్గా ఇలాంటి చికిత్సే ఇచ్చారు: నొప్పికి అర్థం చెప్పడం, భయపడే కదలికల్ని మెల్లమెల్లగా చేయించడం, రోజువారీ బతుకు సంగతి మాట్లాడడం. ఏడు సిట్టింగులకి మించలేదు, ఆర్నెల్లకి ఇంకొకటి. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచి ఉంది. 2024లో అదే పత్రికలో ఇంకోటి. నడుం నొప్పి తగ్గిన 701 మందిలో కొందరికి నడక కార్యక్రమం, కొంత అవగాహన ఇచ్చి చూశారు. నొప్పి తిరిగొచ్చేదాకా పట్టిన కాలం ఏమీ ఇవ్వనివాళ్ళలో మధ్యస్థంగా 112 రోజులు, నడిచినవాళ్ళలో 208. నడకకి ఏ పెట్టే అక్కర్లేదు. బహ్రెయిన్ ఎండాకాలంలో తెల్లారుజామునో రాత్రో నడవాలి, అంతే.

"అయితే నొప్పంతా మనసులోనే ఉందంటావా?" అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు. కాదు. నొప్పి ఎప్పుడూ నిజం. ఫొటోకి దొరకలేదని అది ఊహ అయిపోదు. మా పనిలో వాడుకరి "తెర కదలట్లేదు" అని ఫిర్యాదు చేస్తే, "మా లాగుల్లో ఏ తప్పూ నమోదు కాలేదు కాబట్టి మీ తెర కదులుతున్నట్టే" అని జవాబిచ్చినవాణ్ణి మర్నాడు ఉద్యోగంలోంచి తీసేస్తారు. మనిషి నడుం దగ్గరికొచ్చేసరికి అదే జవాబు వైద్యం అయిపోయింది.

స్కాన్లు దండగ అని కూడా నేననడం లేదు. ఒకటికీ రెంటికీ పట్టు తప్పినా, మర్మాంగాల చుట్టూ మొద్దుబారినా, కాలు రోజురోజుకీ బలం తగ్గుతున్నా, నొప్పితో పాటు జ్వరమో అకారణంగా బరువు తగ్గడమో ఉన్నా, పైనుంచి పడ్డా, ఇదివరకు క్యాన్సర్ ఉన్నా - ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఈ లక్షణాలు పట్టుకోవడానికి కూడా ముందు కావలసింది ప్రశ్నలు అడగడమే. తెర లాగి వెళ్ళిపోయేవాడికి ఇవీ తెలియవు.

గట్టి అభ్యంతరం ఇంకోటుంది. "ఎంత వివరించి చెప్పినా యాభై కిలోల సిమెంటు బస్తా యాభై కిలోలే కదా?" ఔను. అందుకే గదిలో చికిత్స గదిలోనే ఆగిపోతే చాలదు. బహ్రెయిన్ 2012 కార్మిక చట్టం ప్రకారం మూడు నెలల సర్వీసు దాటిన కార్మికుడికి ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో, 20 రోజులు సగం జీతంతో, 20 రోజులు జీతం లేకుండా అనారోగ్య సెలవు ఉంది. దానికి డాక్టరు కాగితం కావాలి. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్నవాడు ఆ కాగితం ఇవ్వడు. అంటే ఫొటో మీద మూఢభక్తి ఇక్కడ నేరుగా జీతం మీద పడుతుంది. ఇచ్చినా అది "పూర్తి విశ్రాంతి" లేదా "పూర్తి పని" అని ఉంటుంది. ఆ అప్పుల్లో అతనికి పూర్తి విశ్రాంతి కుదరదు, ఆ నడుంతో పూర్తి పనీ కుదరదు. "నాలుగు వారాలు బస్తాలు మొయ్యనివ్వకండి, తతిమ్మా పనులు చేయించండి, తర్వాత మెల్లగా పెంచండి" అని ఫోర్‌మన్‌కి రెండు వాక్యాల ఉత్తరం రాసే ఫిజియో, పది సిట్టింగుల కరెంటు కంటే ఎక్కువ మేలు చేస్తాడు. మధ్యాహ్నపు ఎండలో పని చేయించకూడదన్న నిషేధం ఈ దేశం 2007 నుంచీ పాటిస్తోంది. ఎండకి హద్దు గీసినవాళ్ళకి బరువుకి హద్దు గియ్యడం చేతకాని పనేమీ కాదు.

మన ప్రభుత్వాల సంగతి చెప్పాలంటే, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి తెలంగాణ 2024 నుంచి 5 లక్షలు ఇస్తోంది. మంచిదే, చాలా ఆలస్యంగా జరిగిన మంచి. కానీ నడుం పోగొట్టుకుని బతికి తిరిగొచ్చినవాడికి ఏముంది? ఊళ్ళో మళ్ళీ కరెంటు పెట్టించుకోవడమే. చావుకి పద్దు ఉంది, నొప్పికి లేదు. ఎందుకంటే చావుకి ధ్రువపత్రం ఉంటుంది.

కాబట్టి ఫిజియోథెరపీ చదివిన మన తెలుగు పిల్లలకి, ఇక్కడున్నవాళ్ళకీ అక్కడున్నవాళ్ళకీ, నాదొక విన్నపం. పెట్టె మీట నొక్కే ముందు మూడు ప్రశ్నలు అడగండి. "ఎలా నొస్తోంది? నీ మాటల్లో చెప్పు." "లోపల ఏం జరిగిందని అనుకుంటున్నావు?" "ఈ నొప్పి వల్ల ఏ పని చెయ్యలేకపోతున్నావు?" భాష రాకపోతే ఫోన్‌లో నాలాంటి వాణ్ణి పట్టుకోండి, ఖాళీగానే ఉంటాం. మిగతావాళ్ళకి చెప్పేది ఇంకా చిన్నది. పక్కవాడు నడుం పట్టుకుని "సలుపుతున్నదన్నా" అంటే "స్కాన్‌లో ఏమొచ్చింది?" అని అడక్కండి. "ఎప్పట్నుంచి తమ్మీ?" అని అడగండి.